ఆంత్రోపాలజీ ఆప్షనల్: కిన్‌షిప్‌కి వరసలు తెలిస్తే సగం వచ్చినట్టే

వైజాగ్‌లో సివిల్స్‌కి ఈ ఆప్షనల్ చదివేవాళ్లలో చాలామంది పేపర్ 1 సిలబస్‌లోని 2.5ని, అంటే కిన్‌షిప్ (బంధుత్వం) భాగాన్ని, ఆఖరికి నెట్టేస్తారు. పేర్లు కొరుకుడు పడవని భయం. అసలు చిక్కు నోట్సులో ‘అంకుల్’, ‘కజిన్’ అని రాసుకోవడంతో మొదలవుతుంది. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త భర్త, అందరూ ఒకే అంకుల్ అయిపోయాక చదవడానికి ఇంకేం మిగిలింది?

ఒక తెల్లకాగితం తీసుకోండి. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు. మధ్యలో ఈగో, అంటే ఎవరి వైపు నుంచి వరసలు లెక్కపెడుతున్నామో ఆ మనిషి, మగవాడనుకోండి. మూడు తరాలు, ఇరవై మంది లోపు చాలు. ఒక్కొక్కరి పక్కన ఇంట్లో పిలిచే వరస రాసి, దాని కింద కోడ్ వేయండి. సిస్టర్‌కి జెడ్, ఎందుకంటే ఎస్ సన్‌కి పోయింది. మేనమామ కూతురు ఎంబీడీ (మదర్స్ బ్రదర్స్ డాటర్), మేనత్త కూతురు ఎఫ్‌జెడ్‌డీ (ఫాదర్స్ సిస్టర్స్ డాటర్). ఇద్దరూ చిన్నయితే మరదళ్లు, పెద్దయితే వదినలు. బాబాయి కూతురు, పిన్ని కూతురు మాత్రం అక్కచెల్లెళ్లే. క్రాస్ (మేనమామ, మేనత్త పిల్లలు), ప్యారలల్ (బాబాయి, పిన్ని పిల్లలు) అంటే ఇదే. 1871లో ఆంత్రోపాలజిస్టు మోర్గాన్ చేసిన క్లాసిఫికేటరీ (చాలామంది చుట్టాలకు ఒకే మాట), డిస్క్రిప్టివ్ (ఒక్కో చుట్టానికి వేరే మాట) విభజన రాసినప్పుడు 1909 నాటి క్రోబర్ విమర్శనూ ఒక వాక్యంలో చేర్చండి: ఇంగ్లిషు కజిన్ కూడా అందర్నీ కలిపేసే మాటే కదా!

ఎక్కువమంది బోల్తాపడేది ద్రవిడ (మన వరసలు), ఇరోక్వా (ఉత్తర అమెరికా ఆదివాసుల వరసలు) పద్ధతులు ఒకటే అనుకుని. మేనత్త పిల్లల దాకా రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక మెట్టు అవతలికి వెళ్లండి. నాన్న మేనత్త కొడుకు నాన్నకు బావో బావమరిదో అవుతాడు, కాబట్టి మనకు మామయ్య, ఆయన కూతురు మరదలు. ఇరోక్వా లెక్కలో నాన్న తరంలో నాన్నవైపు మగవాడు గనక ఆయనదీ నాన్న వరసే, కూతురు చెల్లెలు. ఈ ఒక్క బొమ్మ వేస్తే పేజీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక వంశాల సంగతి. లీనియేజ్‌లో మూలపురుషుడి దాకా పేర్లు వరసగా చెప్పగలగాలి; క్లాన్‌లో ఫలానా వంశమని నమ్మితే చాలు. కాబట్టి గోత్రాన్ని లీనియేజ్ అని రాయకండి. అరకు, పాడేరు వైపు గిరిజనుల్లో కిల్లో (పులి), కొర్రా (సూర్యుడు), పాంగి (గద్ద) క్లాన్‌కి చక్కటి ఉదాహరణలు, పేపర్ 2లోనూ పనికొస్తాయి. కిండ్రెడ్ (ఒక మనిషికి అమ్మవైపు, నాన్నవైపు ఉన్న చుట్టాలు) అసలు డిసెంట్ గ్రూపే (ఒకే మూలపురుషుడి వంశం) కాదు. అది పెళ్లికి పిలవాల్సిన చుట్టాల లిస్టు లాంటిది: సొంత అన్నదమ్ములకు ఒకటే ఉంటుంది, బావమరిదికి మారిపోతుంది.

మాతృవంశాన్ని స్త్రీల పాలన అని రాస్తే మార్కులు పోతాయి. మేఘాలయలోని ఖాసీల్లో ఇల్లు చిన్న కూతురిదే, కానీ మాట చెల్లేది మేనమామది. డబుల్ డిసెంట్‌కి (రెండు వైపులా వంశం లెక్కించడం) ఉదాహరణ నైజీరియాలోని యాకో తెగ: భూమి తండ్రి వైపు నుంచి, డబ్బు, పశువులు తల్లి వైపు నుంచి. ఆంత్రోపాలజిస్టు ఫోర్టెస్ చెప్పిన కాంప్లిమెంటరీ ఫిలియేషన్ చాలామందికి అంతుపట్టదు. అమ్మానాన్నల్లో వంశం ఎవరి వైపు నడవదో వారి ద్వారా నిలిచే బంధం అది. మన పెళ్లిళ్లలో వంశం నాన్నది, పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చేది మేనమామ.

పరీక్షలో పది మార్కులకు 150 పదాలు, చేతిలో ఉండేది ఏడు నిమిషాలు. బొమ్మకు నిమిషంన్నర మించనివ్వకండి, ఎనిమిది మందికి మించి గీయకండి. ఈగోని మాత్రం నల్లగా నింపండి. అది మరిస్తే ఎవరు ఎవరికి క్రాసో దిద్దేవాళ్లకు తెలియదు.