సరిచేయాల్సింది సైజు కాదు, పాకెట్

రొమ్ముల ఇంప్లాంట్లు పెట్టించుకున్న కొంతకాలానికి నా ఎడమవైపు ఇంప్లాంట్ గట్టిపడి పైకి జరిగింది, కుడివైపుది రొమ్ము కింది మడతను దాటి జారిపోయింది. ఆ తేడాను పోగొట్టడానికి రెండో శస్త్రచికిత్సలో కుడివైపు మరింత పెద్ద ఇంప్లాంట్ పెట్టారు. ఆ బరువుకు అది ఇంకా కిందికి దిగింది. ఎడమవైపు తిరిగి పడుకుంటే రాయి మీద పడుకున్నట్టుండేది. అందం కోసం చేయించుకున్నదానికి ఇంత బాధ ఎందుకని కొందరన్న మాట ఇప్పటికీ నాకు అన్యాయంగానే తోస్తుంది.

మూడో శస్త్రచికిత్స కోసం కలిసిన సర్జన్ మొదట సైజు ప్రస్తావనే తేలేదు. పాత ఆపరేషన్ల రికార్డులు అడిగారు, మెడ కింది గుంట నుంచి చనుమొనల దాకా, అక్కడి నుంచి కింది మడత దాకా టేపుతో కొలిచారు. ఇంప్లాంట్ చుట్టూ శరీరం సహజంగానే ఒక పొరను ఏర్పరుస్తుందనీ, కొందరిలో అది బిగుసుకుపోయి ఇంప్లాంట్‌ను నొక్కుతుందనీ, నొప్పి కూడా ఉంది కాబట్టి ఆ బిగుతు తీవ్రతను నాలుగు గ్రేడ్లుగా చెప్పే బేకర్ వర్గీకరణలో నాది చివరిదైన నాలుగో గ్రేడ్ అనీ వివరించారు.

ఎడమవైపు ఆ పొరను తొలగించి కొత్త ఇంప్లాంట్ పెట్టారు. కుడివైపు సాగిపోయిన పాకెట్‌ను, అంటే ఇంప్లాంట్ కూర్చునే లోపలి సంచిలాంటి ఖాళీని, లోపలి కుట్లతో బిగించి, చిన్న ఇంప్లాంట్ అమర్చారు. నా పాతవి గరుకు ఉపరితలం ఉన్న రకం. అలాంటి వాటి చుట్టూ అరుదుగా ఒక లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) వస్తుందని తేలి 2019లో కొన్నింటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు కనుక, తీసిన పొరను పాథాలజీ పరీక్షకు పంపారు. రిపోర్టులో ఏ దోషమూ లేదని తెలిసేవరకు నాకు సరిగా నిద్రపట్టలేదు.

ఆ తర్వాతి రోజుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వాపు. ఎడమవైపు ఎక్కువగా ఉబ్బి ఉండటంతో, మళ్లీ పాత తేడానే వచ్చిందని భయపడ్డాను. తుది ఆకారం తేలడానికి నెలలు పడుతుందని సర్జన్ ఓపికగా చెప్పారు. లోపల చేరే ద్రవాన్ని ట్యూబుల ద్వారా బయటికి లాగే డ్రెయిన్ బల్బులో ఎర్రగా వచ్చే ద్రవం క్రమంగా లేత పసుపు రంగుకు మారి, పరిమాణం తగ్గాక ట్యూబులు తీశారు. లోపలి కుట్లు తెగకుండా చేతులు భుజాల కంటే పైకి ఎత్తకూడదన్న నియమమే అన్నిటికంటే కష్టమైంది.

ఇప్పుడు నొప్పి లేదు. కుడి చనుమొన కొద్దిగా కిందికే ఉంది, అక్కడి స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. ఈ రెండింటి గురించీ ముందే చెప్పారు. ఇంప్లాంట్లు జీవితాంతం మన్నేవి కావు. సిలికాన్ ఇంప్లాంట్లకు 5–6 ఏళ్ల తర్వాత అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ, ఆపై 2–3 ఏళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ సూచిస్తోంది. ఆ లెక్కలు వేసుకోవడానికి తేదీ, రకం, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు కావాలి. డిశ్చార్జి రోజునే దాన్ని అడిగి తీసుకోండి, ఎందుకంటే నా పాత ఆపరేషన్ల వివరాలు సంపాదించడానికి చాలా తిరగాల్సి వచ్చింది.