హెచ్‌డీఎల్ 6

ఆఫీసులో ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నా హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, ఎప్పుడూ పదిలోపే. మగవాళ్లకు 40 దాటాలంటారు. రిపోర్టు చూసిన ప్రతి డాక్టరూ "నడవండి, బాదంపప్పు తినండి" అనేవారు. నడిచాను. కిలోల కొద్దీ బాదం తిన్నాను. మరుసటేడు 6 వచ్చింది. ల్యాబ్ వాళ్ల పొరపాటనుకుని ఇంకోచోట చేయిస్తే అక్కడా 6.

జవాబు నా కళ్లలోనే ఉందని ఎవరికీ తట్టలేదు. కాలేజీ రోజుల నుంచీ నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు వలయం, మధ్యలో పల్చటి మబ్బు. "తాత కళ్లురా నీవి" అని ఫ్రెండ్స్ ఏడిపించేవాళ్లు. చూపు బాగానే ఉండేది కాబట్టి నేనూ వదిలేశాను.

38వ ఏట మూత్రంలో నురగ మొదలైంది. ప్రోటీన్ పోతోందన్నారు. రక్తం కూడా తక్కువుంది. షుగర్ లేదు. కిడ్నీ డాక్టరు బయాప్సీ అనగానే టెన్షన్‌తో రెండు వారాలు తప్పించుకు తిరిగాను. తీరా చేస్తే, సూది నొప్పి కంటే ఆ తర్వాత గంటల తరబడి కదలకుండా వెల్లకిలా పడుకోవడమే నరకం.

రిపోర్టులో కిడ్నీ వడపోత గుచ్ఛాల్లో కొవ్వు పేరుకుందని ఉంది. డాక్టరు గారు ఆ కాగితం పక్కన పెట్టి నా కళ్లలోకి టార్చి వేసి చూశారు. తర్వాత అడిగారు: "మీ అమ్మానాన్నలది మేనరికమా?"

"అవునండీ. అమ్మ మా నాన్నకి మేనమామ కూతురు."

అక్కణ్ణుంచి దారి దొరికింది. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో మూడింట రెండొంతుల దాకా కొవ్వు ఆమ్లంతో జతకట్టి ఉండాలట. నాలో దాదాపు అంతా విడిగానే ఉంది. జతకట్టించే ఎంజైమ్ పేరు ఎల్‌క్యాట్, తయారయ్యేది కాలేయంలో. జన్యు పరీక్షలో ఆ ఎంజైమ్‌ను తయారుచేయించే జన్యువు రెండు ప్రతులూ, అంటే అమ్మ నుంచి వచ్చిందీ నాన్న నుంచి వచ్చిందీ, చెడిపోయినవేనని తేలింది. 1967లో నార్వేలో నోరమ్, యోనె అనే డాక్టర్లు ఈ జబ్బును మొదటిసారి వర్ణించారు. వాళ్లు చూసిన 33 ఏళ్ల ఆవిడకీ నాలాగే కళ్లలో మబ్బు, రక్తహీనత, మూత్రంలో ప్రోటీన్.

హెచ్‌డీఎల్ పుట్టినప్పుడు పళ్లెంలా చదునుగా ఉంటుందట. ఎల్‌క్యాట్ జతకట్టించిన కొలెస్ట్రాల్ లోపలికి చేరితేనే అది గుండ్రటి బంతి అవుతుంది. నావి పళ్లేలుగానే మిగిలిపోయి త్వరగా ఒంట్లోంచి పోతాయి. "పొంగని పూరీలన్నమాట" అన్నారు డాక్టరు గారు. ఇంటికొచ్చి చెబితే అమ్మ దిద్దింది: "పూరీలో గాలే కదరా ఉండేది? ఇది పూర్ణం పెట్టని బూరె." అమ్మ మాటే సరైనది. విడిగా మిగిలిన కొలెస్ట్రాల్ ఎర్రకణాల పొరలో చేరి వాటిని పాడుచేస్తుంది. లైపోప్రోటీన్ ఎక్స్ అనే వింత రేణువులుగా మారి కిడ్నీలో దిగబడుతుంది. బాదం ఏం చేయగలదు, పాపం!

లేని ఎంజైమ్‌ను నింపే మందు బజారులో లేదు. ప్రోటీన్ కారడం తగ్గించే బీపీ మాత్ర, నూనె తక్కువ తిండి, మూడు నెలలకోసారి పరీక్ష. కిడ్నీ మార్పించుకున్నా కొత్తదానిలోనూ ఇదే మొదలవ్వొచ్చని ముందే చెప్పారు. తమ్ముడి హెచ్‌డీఎల్ 24 వచ్చింది. వాడికి ఒక ప్రతి బాగానే ఉండి ఉంటుందన్నారు.

నావి రెండూ చెడ్డవే కాబట్టి మా పాపకు ఒకటి తప్పకుండా వచ్చే ఉంటుంది. నా భార్యది బయటి సంబంధం, కనుక భయం లేదన్నారు. అమ్మ మాత్రం అప్పుడే తేల్చేసింది: "దీని పెళ్లి మనవాళ్లలో వద్దు." పాపకిప్పుడు ఆరేళ్లు.