జీసీ ల్యాబ్‌లో ప్రయోగం ప్లాన్ చేయడం నేర్పిన నా అనుభవం

జీసీ అంటే గ్యాస్ క్రోమటోగ్రఫీ, మిశ్రమాన్ని ఆవిరి చేసి, వేడి ఓవెన్‌లోని సన్నటి గొట్టం గుండా పంపి పదార్థాలను విడదీసే పద్ధతి. ఈ ల్యాబ్‌లో ఇన్నాళ్లూ నేను కూడా విద్యార్థులకు మాన్యువల్ చేతికిచ్చేదాన్ని. ఓవెన్ ఇంత, ఫ్లో ఇంత, 1 మైక్రోలీటర్ ఇంజెక్ట్ చెయ్యి, ఒక్కో పదార్థానికీ గ్రాఫ్‌లో వచ్చే పీకులు చూసి రాసుకో. పీకులు చక్కగా వచ్చేవి, రికార్డులూ బాగుండేవి, కానీ ఆ 80 డిగ్రీలే ఎందుకు అని అడిగితే ఒక్కరూ నోరు విప్పేవాళ్లు కాదు. అది నన్ను చాలా బాధపెట్టింది.

అందుకే ఈసారి ఇథనాల్, ప్రొపనాల్, బ్యూటనాల్ కలిపిన శాంపిల్ ఇచ్చి, ఓవెన్ వేడి, శాంపిల్‌ని మోసుకెళ్లే క్యారియర్ గ్యాస్ ఫ్లో మారిస్తే పీకులు ఏమవుతాయో మీరే తేల్చండి అన్నాను.

ఒక బ్యాచ్ ముందు 80 డిగ్రీల రన్లన్నీ, తర్వాత 100 డిగ్రీలవన్నీ చేసేసింది. తప్పు పట్టలేం, ప్రతిసారీ ఓవెన్ చల్లారి మళ్లీ కుదురుకునేదాకా కాచుక్కూర్చోవడం ఎవరికైనా విసుగే. చివరికి గ్రాఫ్ గీసి, "వేడి పెరిగితే పీక్ ఏరియా తగ్గుతుంది మేడం" అన్నారు. పీక్ త్వరగా రావడం, సన్నగా పొడుగ్గా అవడం సరే, ఏరియా ఎందుకు తగ్గాలి? ఏరియా చెప్పేది పదార్థం ఎంతుందనే, దాన్ని మంటలో కాల్చి కొలిచే ఎఫ్‌ఐడీ డిటెక్టర్‌కి చేరే పదార్థం అంతే కదా! నేను జవాబు చెప్పకుండా, మళ్లీ 80కి తెచ్చి ఒక్క ఇంజెక్షన్ చెయ్యమన్నాను. ఏరియా తక్కువగానే ఉంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి "సెప్టం చూద్దామా?" అంది. ఇంజెక్షన్ సూది గుచ్చే చోట ఉండే రబ్బరు మూత అది. పొద్దుట్నుంచీ సూది గుచ్చీ గుచ్చీ అది లీకవుతోంది, కొత్తది వేయగానే ఏరియా మామూలుకొచ్చింది. అంటే వాళ్లు వేడి ప్రభావం అనుకున్నది, రోజు గడిచేకొద్దీ సెప్టం పాడవడమే. రన్ల వరస ఎంత ముఖ్యమో నేను గంటసేపు పాఠం చెప్పినా అంతలా ఎక్కేది కాదు.

తర్వాతి వారం రెండు వేడిలు, రెండు ఫ్లోలు, నాలుగు కాంబినేషన్లూ రెండేసి సార్లు, మొత్తం 8 రన్లు. మొదట్లో, మధ్యలో, చివర్లో ఒకే సెట్టింగ్‌తో చెక్ రన్ కూడా పెట్టుకున్నారు. వరస చీటీలు తీసి నిర్ణయించారు. టైం చాలదేమోనని నాకు టెన్షన్, నిజంగానే ల్యాబ్ గంటలు దాటిపోయాయి, అయినా ఎవరూ కదల్లేదు. ఫ్లో పెంచితే 80 దగ్గర పీకులు చాలా ముందుకొచ్చాయి, 100 దగ్గర కొద్దిగానే. ఒక్కోటి విడిగా మార్చి చూసుంటే ఈ తేడా కంటపడేది కాదు.

ఒకే సెట్టింగ్‌లో రెండుసార్లు చేసినా ఏరియాలు ఎందుకు కలవడం లేదని ఇప్పుడు తలలు పట్టుకున్నారు. చేత్తో ఇంజెక్ట్ చేయడం వల్లేమో, వచ్చే వారం ఇంటర్నల్ స్టాండర్డ్ (పోల్చుకోడానికి శాంపిల్‌లో తెలిసిన మోతాదులో కలిపే మరో పదార్థం) కలుపుతామని వాళ్లే అడిగారు.