లెక్క తప్పితే ఎవరు కట్టాల?

బుధవారం. పొద్దున ఆరు కూడా కాలేదు, గాలి మొదలైంది. ఆడి నెల గాలికి రోలు కూడా కదులుతుందని మా జేజి అనేది. ఆమె పుట్టినిల్లు తిరుత్తణి పక్క, అందుకే నెలలన్నీ అరవంలోనే లెక్కపెట్టేది, మాకూ అదే అలవాటైంది. రోలే కదిలే గాలికి మా దండెం మీది గుడ్డలు ఒక లెక్కా! నేను టీ పెట్టేలోపల రెండు దిండు గలీబులు ఎగిరిపోయి పక్కింటి మునగచెట్టుకు తగులుకున్నాయి. కర్ర పెట్టి తీస్తా ఉంటే పక్కింటామె, "ఏమ్మా, పనోళ్ళు ఇంకా దొరకలేదా?" అనింది. దొరికింటే ఈ కర్ర నా చేతిలో ఎందుకుంటుందక్కా అనబోయి, నవ్వి ఊరుకున్నా. ఎండాకాలంలో ఆమె బోరు నీళ్ళే మాకు దిక్కు మరి.

లాడ్జీల గుడ్డలు ఉతకడం మా పని. తుమ్మలగుంట దారిలో రేకుల షెడ్డు, 30 కిలోల మిషను ఒకటి, నీళ్ళు పిండే హైడ్రో ఒకటి, ఇస్త్రీ బల్లలు మూడు. రైల్వే స్టేషను ఎదురు సందుల్లోనూ బస్టాండు చుట్టుపక్కలా తొమ్మిది లాడ్జీలు మా చేతిలో ఉన్నాయి. మా ఆయన ట్రాలీ ఆటోలో మూటలు తెస్తాడు, చేరుస్తాడు. షెడ్డు నాది. తిరుపతిలో చాలా లాడ్జీలు 24 గంటల లెక్కన గదులిస్తాయి. యాత్రికుడు రాత్రి రెండుకు దిగితే మరుసటి రాత్రి రెండు దాకా గది ఆయనదే. అందుకని గదులు ఒక టైము అని లేకుండా ఖాళీ అవుతా ఉంటాయి, గుడ్డలు కూడా అట్నే పోగవుతా ఉంటాయి.

పోయిన నెలలో ఇద్దరు మానుకున్నారు. ఇప్పుడు నన్నూ ఆయన్నూ కలుపుకుంటే ఏడుమందిమి. ఈ ఏడుమందిలో ముగ్గురు ఆడికృత్తికకు కావడి ఎత్తుకొని తిరుత్తణి పోతామని ఇప్పటికే చెప్పేసినారు. మొక్కుకు అడ్డం చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ తర్వాత పెరటాసి నెల. శనివారాలు వస్తే అరవదేశమంతా ఇక్కడే ఉంటుంది, ఇంచుమించు ఆ రోజుల్లోనే బ్రహ్మోత్సవాలు. అప్పుడు మనుషుల్ని వెతికితే దొరకరు, ఇప్పుడే పట్టుకోవాల. పది రోజులుగా షెడ్డు గేటుకు అట్ట వేలాడతా ఉంది: "పనివాళ్ళు కావలెను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం." మా పాప వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టింది. పదకొండు ఫోన్లు వస్తే, వాటిలో ఆరు "జీతమెంత?" అని అడిగి పెట్టేసినవి. నలుగురు ఈరోజు వస్తామన్నారు. ముగ్గురు వచ్చినారు. మా లెక్కన అది మంచి రోజే.

మొదట వచ్చింది డిగ్రీ చదివిన పిల్లోడు, పీలేరు దగ్గర పల్లె. జీవకోనలో స్నేహితుల గదిలో ఉంటాడంట. నేను ఒక మాట అడిగేలోపల వాడే, "ఈఎస్‌ఐ, పీఎఫ్ ఉందాక్కా?" అన్నాడు. ముందు కోపం వచ్చింది, తర్వాత సరిగ్గానే అడిగినాడు కదా అనిపించింది. ఈఎస్‌ఐ పదిమంది ఉండేచోట, పీఎఫ్ ఇరవైమంది ఉండేచోట, మేము ఏడుమందిమే నాయనా అని చెప్పినా. తల ఊపినాడు. రేణిగుంట పక్క ఫ్యాక్టరీలో అప్లికేషను పెట్టినాడంట. "పిలుపు వస్తే పోతాక్కా, ముందే చెప్తా ఉండా." బస్సు వాళ్ళదే, క్యాంటీను వాళ్ళదే, యూనిఫారం కూడా. శ్రీసిటీకైతే తెల్లారకముందే బస్సులు బయల్దేరతాయి. వాటి ముందు నా దగ్గర ఏముంది? ఎండకు మండే రేకులు, రెండు పూటల టీ. ఫోన్ నంబరు రాసుకొని పంపించేసినా. పోతా పోతా దండెం కింద పడిన టవలు ఎత్తి వేసిపోయినాడు. ఇది మంచి గుణం అని రాయబోయి ఆగినా. ఇంటర్వ్యూకు వచ్చిన రోజు ఎవురైనా టవలు ఎత్తుతారు.

రెండోది ఇస్త్రీ పెద్దాయన. అరవై దగ్గర ఉంటాడు. చెయ్యి చూడల్లంటే ఒక దుప్పటి ఇచ్చినా. ఆ దుప్పటిని ఆయన బల్ల మీద పరిచిన తీరే వేరు: రెండు చేతులతో విదిలించి, అంచు అంచుకు కలిపి, నీళ్ళు వేలికొసలతో చిలకరించి, పెట్టెను తోయకుండా దాని బరువునే నడిపించినాడు. మడత మీద మడత పడితే పలక మాదిరి నిలబడింది. మా ఇస్త్రీ అబ్బాయి నోరు తెరుచుకొని చూస్తా ఉండిపోయినాడు. జీతం కాదు, పీసు రేటే కావాలన్నాడు, సరే అన్నా. తర్వాత, "అడ్వాన్సు ఇరవై వేలు ఇస్తేనమ్మా" అన్నాడు.

ఈ అడ్వాన్సు నన్ను ఒకసారి కాల్చింది. మూడేండ్ల కిందట ఒకాయనకు పదిహేను వేలిచ్చినా, కూతురి పురుడు అన్నాడని. గంగమ్మ జాతరకు చాటింపు వేసినాక ఊరోళ్ళు పొలిమేర దాటకూడదంటారు గదా, ఆయన చాటింపుకు ముందురోజే దాటేసినాడు. ఇప్పటికీ జాతర వస్తే ఆ పదిహేను వేలు గుర్తుకొస్తాయి. పెద్దాయనకు టీ ఇచ్చి, వారం వారం లెక్క కట్టి ఇస్తాను, మూడు నెలలు దాటినాక అడ్వాన్సు మాట్లాడుకుందాం అన్నా. "అప్పుడు నాకు అడ్వాన్సు ఎందుకమ్మా, అప్పు ఇప్పుడుండాది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయనకూ నాకూ ఇద్దరికీ న్యాయమే. వెళ్ళిపోయినాడు. ఆయన మడిచిన దుప్పటి బల్ల మీద అట్నే ఉంది, ఎవ్వరూ తీయలేదు.

మూడో మనిషి కోసం మధ్యాన్నం దాకా కూర్చున్నా. ఒంటిగంటకు, ఇంక ఎవురూ రారులే అని సంగటి కలుపుకుంటా ఉంటే గేటు దగ్గర నిలబడింది. కొర్లగుంట ఆమె. నలభై ఉంటాయేమో. ఐదేండ్లు ఒక లాడ్జిలో గదులు ఊడ్చిందంట. మాకు ఇచ్చే లాడ్జి కాదు. అక్కడ ఎందుకు మానుకున్నావు అంటే, "మేడ మెట్లు మోకాళ్ళకు పడలేదక్కా" అనింది. అంతే, ఇంకేం చెప్పలేదు.

నేను కొత్తోళ్ళను అడిగే మాట ఒకటుంది. కల్యాణకట్టలో గుండు చేయించుకొని, తలకు గంధం పూసుకొని, కొండ దిగి వచ్చి లాడ్జిలో పడుకుంటారు. ఇంటిల్లిపాదీ ఐదు గుండ్లు. తెల్లారేసరికి గలీబులన్నీ పచ్చగా ఉంటాయి. బజారు గంధంలో పసుపు కలుస్తుందని నా అనుమానం. తెలియని మనిషి ఆ గలీబుల్ని నేరుగా సోడాలో ముంచుతుంది, ఎర్రగా తిరుక్కుంటాయి, రక్తమనుకొని కేక పెడుతుంది. పోయిన ఏడాది ఒక పిల్ల నిజంగానే ఏడ్చింది. అందుకని ఒక గలీబు ఈమె చేతికిచ్చి, ఏం చేస్తావు అని అడిగినా. ముక్కుకు ఆనించి వాసన చూసింది. "సోడాకు ఎర్రబడుతుంది. భయపడేదేం లేదు, ఉతికి జాడించి మంచి ఎండలో వేస్తే మరకే పోతుంది. బ్లీచింగ్ వేస్తే కూడా పోతుంది గానీ నాలుగు నెలలకు గుడ్డ పీలికలవుతుంది" అనింది. నాకు ఆ సంగతి తెలిసేదానికి రెండేండ్లు పట్టింది, యాభై గలీబులు పోయినాయి.

అప్పుడే లెక్క పని నీకిస్తా అని మనసులో అనుకున్నా. మా షెడ్డులో కష్టం ఉతకడం కాదు, లెక్క. ప్రతి లాడ్జికి ఒక రంగు దారం, గుడ్డ మూలన కుట్టుంటుంది. మూట విప్పి, రంగు చూసి, చీటీతో సరిపెట్టాల. దుప్పటి పోతే 350 రూపాయలు లాడ్జికి మేమే కట్టాల. నేను ఇదంతా చెప్తా ఉంటే ఆమె వింటా ఉండి, "చీటీ ఎవురు రాస్తారక్కా?" అనింది. లాడ్జివాళ్ళే. "మూట అక్కడ కట్టేటప్పుడు మీవాళ్ళు లెక్కపెడతారా?" ఆయన ఒక్కడే పోతాడు, పొద్దున రద్దీలో మూట ఎత్తుకొని వచ్చేస్తాడు అన్నా.

ఆమె నవ్వింది. ఎగతాళిగా కాదు, తెలిసిన సంగతి విన్నట్టు. వాళ్ళ లాడ్జిలో ఎట్లా చేసేవాళ్ళో చెప్పింది. గుడ్డలు లెక్కపెట్టరు, ఖాళీ అయిన గదుల్ని లెక్కపెడతారు. ఇరవై గదులు ఖాళీ అయితే ఇరవై దుప్పట్లు, నలభై గలీబులు అని రాసేస్తారు. అందులో ఒక దుప్పటి యాత్రికులు బాత్రూం నీళ్ళు తుడిచి మూలన పడేసుంటారు. ఒకటి చినిగింటే రూం బాయ్ మెట్ల కింద దాచుంటాడు. చీటీలో ఇరవై అనుంటుంది, మూటలో పద్దెనిమిదుంటాయి. "ఇక్కడికొచ్చినాక ఎంత లెక్కపెట్టినా ఏం లాభమక్కా?"

నా చెయ్యి సంగటిలోనే ఆగిపోయింది. ఆమె ఇంకో మాట అడిగింది. "నేను చేరినాక లెక్క తప్పితే ఎవురు కట్టాల?"

ఈ మాట ఇంతవరకూ నన్ను ఎవురూ అడగలేదు. చేరినాక తెలుసుకున్నారు. నెలాఖర్లో పట్టుకుంటాను కాబట్టి. పోయిన నెల మానుకున్న ఇద్దరిలో లెక్క చూసే పిల్ల ఒకటి. రెండు దుప్పట్లకు 700 పట్టుకున్నా. ఆ పిల్ల ఏమీ అనలేదు, మరుసటి సోమవారం నుంచి రాలేదు. ఈ కాలం పిల్లలు నిలకడ లేదు అని పదిమందితో చెప్పుకున్నా. తర్వాత పదిరోజులకు వాటిలో ఒకటి ఇంకో లాడ్జి మూటలో దొరికింది. ఎర్రదారం దుప్పటి కుంకుమరంగు దారం వాటిలో కలిసిపోయింది. ఆ సంగతి ఆయనకు కూడా చెప్పలేదు. ఇక్కడ రాస్తా ఉండా.

"మూట కట్టేచోట లెక్కపెట్టనంత వరకూ మేమే కట్టాల" అన్నా. ఆ మాట అనేటప్పుడు గొంతు సరిగ్గా రాలేదు. ఆమె సరే అని, తన సంగతి చెప్పింది: పొద్దున తొమ్మిదిన్నరకు వస్తుంది, రెండున్నరకు పోవాల, అత్తకు కాళ్ళు పడిపోయినాయి, మధ్యాన్నం పైకి లేపి తిప్పాల. మామూలుగా అయితే నేను ఆడే వద్దనేదాన్ని. తొమ్మిది నుంచి ఆరు, అది మా టైము. ఎవురు పెట్టినారో తెలియదు, మేమే పెట్టినాము. విప్పడం, లెక్క, మొదటి ఉతుకు అంతా రెండుకల్లా అయిపోతుంది. సాయంత్రం ఉండేది మడతలూ ఇస్త్రీనే. ఇన్నాళ్ళూ లెక్క మనిషిని ఆరుదాకా ఎందుకు కూర్చోబెట్టినాను అని ఆలోచిస్తే, ఇచ్చే జీతానికి ఒళ్ళు వంచాల అనే లెక్క తప్ప ఇంకేం కనబడలేదు. శుక్రవారం నుంచి రమ్మన్నా. పోయే ముందు దారాల డబ్బా చూసి, "ఎరుపూ కుంకుమా పక్కపక్కన పెడితే సాయంత్రం లైట్లో ఎవురికి కనబడుతుందక్కా?" అనింది. రెండున్నరకు పోయే మనిషి సాయంత్రం లైటు సంగతి చెప్తా ఉంది చూడు.

రాత్రి ఆయనతో చెప్పినా. లాడ్జి లాడ్జిలో మూట విప్పి లెక్కపెడతా కూర్చుంటే తొమ్మిది ముగిసేసరికి మధ్యాన్నమే అవుతుందని కస్సుమన్నాడు. నిజమే. ఒక్క చెయ్యి సరిపోదు. అప్పుడు పీలేరు పిల్లోడు గుర్తొచ్చినాడు. ఆరింటికి బండిలో పోయి, పదికల్లా అయిపోయే పని. ఫ్యాక్టరీ పిలిచిందాకానే చేస్తాడు, నెల అయితే నెల, పెరటాసి దాకా వస్తే మన అదృష్టం. "పోతాను అని ముందే చెప్పినోడిని పెట్టుకుంటావా?" అన్నాడు ఆయన. చెప్పకుండా పోయినోళ్ళను ఎంతమందిని పెట్టుకోలేదు? ఫోన్ చేస్తే వాడు వెంటనే, "బండి నేను తోలొచ్చాక్కా?" అన్నాడు. లైసెన్సు ఉందంట. ఈ సంగతి పొద్దున నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

గేటు అట్ట తీసి "అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం" కొట్టేసినా. దాని బదులు ఏం రాయాలో తోచలేదు. ప్రస్తుతానికి టైములు రెండుగా రాసినా: పొద్దున బండి పని 6 నుంచి 10, షెడ్డు పని 9:30 నుంచి 2:30. ఇస్త్రీకి మనిషి ఇంకా కావాల. పెద్దాయన నంబరు ఉంది. ఐదువేల దాకా అయితే ఇవ్వగలనేమో, ఆయనతో ఇంకా అనలేదు.

జీతాల నోటుబుక్కులో ఆ పిల్ల పేజీ తీసినా. 700 పక్కన నా రాతే, ఎర్రపెన్నుతో. ఫోన్ చేద్దామని నంబరు కొట్టి, టైము చూస్తే పదకొండు. ఆడపిల్లకు ఈ వేళప్పుడు ఏం చేస్తాంలే అని పెట్టేసినా. డబ్బు కవరులో పెట్టి డబ్బాలో వేసినా. రేపు పొద్దున చేయాల, మళ్ళా రద్దీలో పడి మరిచిపోతానేమో. పచ్చదారం రెండు ఉండలు కూడా తేవాల.