పన్నెండు మంది వేగులు, ఇద్దరు వేగులు

దేవుడు ఇస్తానన్న కానాను దేశాన్ని మోషే దూరం నుంచి చూసి కన్నుమూసిన నెబో కొండ మేము ఎక్కిన వారం, యూదుల సమాజమందిరాల్లో చదివే తోరా (మోషే పంచకాండాలు) భాగం పేరు ‘షెలఖ్ లెఖా’. సంఖ్యాకాండం 13 నుంచి 15 అధ్యాయాలు. కానాను ఎలా ఉందో చూసి రమ్మని మోషే పన్నెండు మందిని పంపుతాడు. నలభై రోజులు తిరిగొచ్చి వాళ్ళలో పదిమంది, అక్కడివాళ్ళని గెలవలేమంటారు; యెహోషువ, కాలేబు మాత్రం వెళ్దామంటారు. పదిమంది మాట విని జనం రాత్రంతా ఏడుస్తారు. ఆ ఏడుపుకి నలభై ఏళ్ళు ఎడారిలో తిరగాల్సి వస్తుంది. నేను చర్చి మనిషినే అయినా, యూదుల వారాల లెక్కలో పంచకాండాలు చదువుకోవడం కొన్నేళ్ళుగా అలవాటు. జూన్ ఎండకి భయపడి చాలామంది ఈ నెలలో యాత్ర పెట్టుకోరు. మాకు మాత్రం గుంటూరు నుంచి అందరికీ కుదిరింది అప్పుడే.

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, హోటల్లో మా గుంపులోనూ ఒక రాత్రి ఏడుపు జరిగింది. యెరూషలేములో గొడవలంటూ ఎవరికో ఊరి నుంచి వాట్సాప్‌లో వీడియో వచ్చింది. భోజనాలు అయ్యేలోపు అది అందరి ఫోన్లలో ఉంది. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, “బాబూ, మనవరాలి పెళ్ళి చూడాలయ్యా నేను. మీరంతా వెళ్ళిరండి, నేనిక్కడే ఉంటా” అంది. పాస్‌పోర్టులు, డబ్బులు, కొందరి బీపీ మాత్రలు కూడా నా దగ్గరే ఉండేవి. ఆ రాత్రి టెన్షన్ నాకూ తక్కువేం లేదు.

మా పాస్టరు అయ్యగారు మీటింగేమీ పెట్టలేదు. నన్నూ ఇంకో కుర్రాణ్ణీ గదికి పిలిచి, యొర్దాను నది అవతల మాకోసం ఎదురుచూస్తున్న గైడుకి ఫోన్ చేయించారు. ఏ వీధి, ఎప్పటి వీడియో, మేం వెళ్ళే దారి ఏది, అన్నీ అడిగించారు. తెల్లవారి టిఫిన్ దగ్గర ఉన్నది ఉన్నట్టు అందరికీ చెప్పారు, బాగాలేని ముక్కతో సహా. నాకది పూర్తిగా నచ్చిందని చెప్పలేను. రాత్రంతా జనాన్ని అలా వదిలెయ్యడమేమిటి అనిపించింది.

నెబో మీద ఫ్రాన్సిస్కన్ల (కాథలిక్ సన్యాసుల) గుడి ఉంది. లోపల ఆరో శతాబ్దపు మొజాయిక్ నేల, బయట ఇత్తడి సర్పం చుట్టుకున్న సిలువ, 2000లో పోప్ రెండో జాన్ పాల్ నాటిన ఒలీవ చెట్టు. మావాళ్ళు వాటి దగ్గర ఫొటోల్లో ఉంటే నేను అంచున ఉన్న దిక్కుల పలక దగ్గర నిలబడ్డాను. యెరికో 27 కిలోమీటర్లు, యెరూషలేము 46, హెబ్రోను 65. మబ్బుమబ్బుగా ఉండి మృత సముద్రం తప్ప ఏదీ సరిగ్గా కనిపించలేదు.

వేగులు అనాకు వంశపు ఆజానుబాహుల్ని చూసింది ఆ హెబ్రోనులోనే. మిగతావాళ్ళతో రాకుండా కాలేబు ఒక్కడే అక్కడి అబ్రాహాము మొదలైన పితరుల సమాధుల దగ్గరికెళ్ళి, ఈ పదిమంది ఆలోచనలో పడిపోకుండా చూడమని ప్రార్థించాడని యూదుల పెద్దలు చెబుతారు. అంత ధైర్యవంతుడికీ తన మీద తనకి నమ్మకం చాల్లేదన్నమాట. ఈ మాట నాకు చాలా ఇష్టం.

ఆ పదిమందీ అబద్ధమాడలేదు. నేల మంచిదా, ఊళ్ళకి గోడలున్నాయా, జనం బలవంతులా అని మోషే అడిగాడు, వాళ్ళు వాటికే జవాబు చెప్పారు. ద్రాక్షగెలని దండెకి తగిలించి ఇద్దరు మోసుకొచ్చారు కూడా. (ఇప్పటి ఇశ్రాయేలు పర్యాటక శాఖ గుర్తు ఆ ఇద్దరి బొమ్మే. కథలో పనికొచ్చే ముక్క అదొక్కటే అనుకున్నారేమో.) కాకపోతే చెప్పింది మొత్తం సమాజం ముందు. “మా కళ్ళకి మేమే మిడతల్లా ఉన్నాం, వాళ్ళ కళ్ళకీ అంతే” అన్నాక ఇక ఎవరు ఆపగలరు? మోషే, అహరోను సాగిలపడిపోయారు. జనంతో మాట్లాడింది యెహోషువ, కాలేబులే. వాళ్ళని రాళ్ళతో కొట్టబోయారు.

నీళ్ళ కోసం బండతో మాట్లాడమని దేవుడంటే, దాన్ని కొట్టినందుకే మోషే కానానులో అడుగుపెట్టలేదని సండే స్కూల్లో నేర్చుకున్నాం. ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో మాత్రం ఆయనే వేగుల సంగతి గుర్తుచేస్తూ, పంపమని అడిగింది మీరే, నాకూ ఆ మాట మంచిదనిపించింది అంటాడు. ఇంకాస్త ముందుకెళ్ళి, మీ మూలంగా దేవుడు నా మీదా కోప్పడ్డాడంటాడు. భయపడ్డది జనం. ఆయన ఆ కొండ మీదే ఆగిపోయాడు. ఇది న్యాయమని నాకిప్పటికీ అనిపించదు.

మర్నాడు యొర్దాను మీది వంతెన దాటాం. లైన్లు, సామాను తనిఖీలు, ఎండ, అంతే. పెద్దావిడ కూడా వచ్చింది, దారంతా నా పక్క సీటు వదల్లేదు.

యెరికోలో బస్సు ఆగినప్పుడు, ఆ వారం తోరా భాగంతో జతగా చదివే యెహోషువ రెండో అధ్యాయం తీశాను. పన్నెండు మందిలో ఒకడిగా వెళ్ళొచ్చిన యెహోషువ, మోషే తర్వాత నాయకుడై తన వంతు వచ్చేసరికి యెరికోకి ఇద్దర్నే పంపాడు, అదీ రహస్యంగా. వాళ్ళు తిరిగొచ్చి చెప్పిందీ అతనికే. మీకోసం ఎర్రసముద్రం ఆరిపోయిన సంగతి విన్నప్పుడే మా గుండెలు కరిగిపోయాయని, వాళ్ళని తన ఇంట్లో దాచిన యెరికో ఆమె రాహాబు వాళ్ళతో అంటుంది. అంటే అప్పట్లో ఈ మిడతల్ని చూసి గోడల లోపలివాళ్ళు వణుకుతున్నారు!

అయితే ఆ ఇద్దరూ గోడలు కొలవలేదు, సైన్యాన్ని లెక్కపెట్టలేదు. ఒకామె ఇంట్లో దాక్కుని, కొండల్లో మూడు రోజులుండి వచ్చారు. యుద్ధానికి ఇదేం సమాచారం అని అయ్యగారిని అడిగాను.

“వాళ్ళూ భయపడే ఉంటారు. ఆ మాటా యెహోషువకి చెప్పే ఉంటారు. ఆయన మనదాకా రానివ్వలేదు, అంతే” అన్నారు.

“అలా రాసి లేదు కదా అయ్యగారూ” అన్నాను.

“అమ్మాన్‌లో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని నీకు చెప్పానా?” అన్నారు.