డిజైర్ తీసుకున్నాం, సన్‌రూఫ్ లేకుండా

కొత్త మారుతి డిజైర్ కారు ఇంటికొచ్చింది. అందరూ ముందు మైలేజీ ఎంత అనే అడుగుతున్నారు, కంపెనీ లెక్కలో మాన్యువల్ గేర్ల మోడల్‌కి లీటరుకి 24.79 కిలోమీటర్లు, మన బెజవాడ ట్రాఫిక్‌లో అంత ఆశ పెట్టుకోకండి. నన్ను ఒప్పించింది అది కాదు, 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో పెద్దల భద్రతకి 5 స్టార్లు రావడం, పైగా కింది మోడల్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు. చిన్న కారంటే రేకు డబ్బా అని వెక్కిరించే మా బాబాయి కూడా తలుపు రెండుసార్లు వేసి చూసి "పర్లేదురా" అన్నాడు, ఆయన నోట ఆ మాట రావడమే గొప్ప!

డిక్కీ 382 లీటర్లు. బియ్యం బస్తా, అమ్మ ఆవకాయ జాడీలు, రెండు సూట్‌కేసులు పట్టాయి. సన్‌రూఫ్ కోసం టాప్ మోడల్ జోలికి పోలేదు, మే నెల ఎండలో నెత్తి మీద అద్దం ఎవరికి కావాలి?

ధర సంగతంటారా, 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకి జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు 28, దాని మీద సెస్సు. అలా మిగిలిన డబ్బు మీద షోరూమ్ వాళ్ల కన్ను పడకుండా ఉంటుందా, సీటు కవర్లు, కోటింగ్ అంటూ చాంతాడంత లిస్టు తెచ్చారు. మ్యాట్లు ఒక్కటే తీసుకున్నాం, మిగతావి ఆటోనగర్‌లో చూసుకుంటాం.