అర్ధరాత్రి మారిన అంకె

1990లో నేను చిత్తూరులో డిగ్రీ చదువుతూ, సాయంత్రం పూట వేలూరు రోడ్డులోని ఒక పెట్రోలు బంకులో లెక్కలు రాసేవాణ్ణి. ఆ ఏడాది మొదట్లో లీటరు పెట్రోలు పది రూపాయల లోపే ఉండేది. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో ముడిచమురు ధర ఎగబాకింది. అక్టోబరులో కేంద్రం పెంచిన ధరతో లీటరు పన్నెండు రూపాయలు దాటింది.

ఆ రాత్రి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. రేడియోలో వార్త వినగానే ఊళ్లోని స్కూటర్లూ లూనాలూ అన్నీ బంకు ముందు బారులు తీరాయి. సరిగ్గా పన్నెండు గంటలకు యజమాని అమ్మకం ఆపించి, నేల కింది ట్యాంకులోకి కొలకర్ర దించి, తడి ఎంతవరకు అంటిందో చూసి సరుకు లెక్క నాచేత రాయించారు. ఆ తర్వాత పంపు పక్క తలుపు తాళం తీసి, లోపల పళ్లచక్రాలకు అమర్చిన అంకెలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి కొత్త ధరకు తెచ్చారు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. "అబ్బోడా, వెలుతురు ఇంకొంచెం పైకి పట్టు" అని ఆయన అంటున్నప్పుడు చేతులకు గ్రీజు అంటి ఉంది. పాత ధరకు కొన్న సరుకును కొత్త ధరకు అమ్మడం న్యాయమేనా అని అడిగితే, ధర తగ్గిన రోజు నష్టం కూడా నాదే కదా అన్నారు. నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ ధర తగ్గిన రాత్రి ఒక్కటీ రాలేదు.

అప్పట్లో ధర ఎవరు పెంచారో అందరికీ తెలిసేది. తిట్టినా పొగిడినా ప్రభుత్వాన్నే అనేవారు. ప్రభుత్వమే ధర నిర్ణయించే ఆ పాలిత ధరల విధానాన్ని 2002 ఏప్రిల్ 1న ఎత్తివేశామన్నారు గానీ, ప్రభుత్వం పెట్రోలు మీద నిజంగా చెయ్యి తీసింది 2010 జూన్‌లో, డీజిలు మీద 2014 అక్టోబరులో. కొన్నేళ్లు నెలకు రెండుసార్లు, ఒకటో తేదీనా పదహారో తేదీనా ధరలు సవరించేవారు. ఆపై విశాఖపట్నంతో కలిపి ఐదు పట్టణాల్లో ముందు పరీక్షించి చూసి, 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజూ ఉదయం ఆరు గంటలకు మార్చడం మొదలుపెట్టారు. ఇరవై పైసలు, ముప్పై పైసలు చొప్పున పెరుగుతూ పోతే బారులు తీరేవారెవరుంటారు? పెరుగుదల వార్తగా రావడం మానేసిందని నాకు అనిపించింది అప్పుడే.

మార్కెట్టును బట్టి పెరిగేది, మార్కెట్టును బట్టి తగ్గాలి కూడా. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ప్రపంచమంతా బండ్లు ఆగిపోయి, ముడిచమురు పీపా ఇరవై డాలర్ల దిగువకు పడిపోయింది. ఆ లాభం మన దాకా రాకముందే, మే నెలలో కేంద్రం పెట్రోలు మీద లీటరుకు పది రూపాయలు, డీజిలు మీద పదమూడు రూపాయలు సుంకం పెంచింది. 2021 నవంబరులోనూ 2022 మేలోనూ కొంత తగ్గించిన మాట నిజమే. ఖజానాకు ఆదాయం కావాలన్న సంగతి నాకు అర్థమవుతుంది. కానీ పెరిగినప్పుడు మార్కెట్టు పేరు చెప్పి, తగ్గినప్పుడు సుంకం వేయడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

సరిహద్దున బతికే మాకు పన్ను అంటే ఏమిటో తెలియడానికి పుస్తకాలు చదవనక్కర్లేదు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్ల సెస్సు వేశారు. అందువల్ల గుడిపాల దాటి తమిళనాడులో అడుగుపెట్టగానే బోర్డు మీద ధర కొన్ని రూపాయలు తగ్గి కనబడుతుంది. పలమనేరు వైపు కర్ణాటకలోకి పోయినా అంతే. లారీలవాళ్లు అక్కడే ట్యాంకు నింపుకుని వస్తారు.

ఇప్పుడు నేను తిరుపతిలో ఉంటున్నాను. పోయిన నెల అమ్మను వేలూరు ఆసుపత్రిలో చూపించి తిరిగి వస్తూ, తమిళనాడులోని కాట్పాడి దగ్గర కారు ట్యాంకు నిండా పోయించాను. చిత్తూరులో పాత బంకు ముందు ఆగాను. యజమాని పోయి చాలాకాలమైంది. ఆయన కొడుకు ఖాళీ బంకులో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. "అన్నా, పోయమంటారా?" అంటూ లేచాడు. నిండుగా ఉందని చెప్పాను. ఎక్కడ పోయించానని అతను అడగలేదు.